మా బావ కార్బురేటర్ మహిమ

తాళం తిప్పగానే స్టార్టయ్యే కార్లు వచ్చినప్పటి నుంచే మనుషుల మధ్య ప్రేమాభిమానాలు అడుగంటిపోయాయి. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. బాగా ఆలోచించి, కొత్త చొక్కాని పెట్రోల్‌కి బలిచ్చి, బొటనవేలిని రేడియేటర్ ఫ్యానుకి దాదాపుగా అప్పగించి మరీ అంటున్నాను.

నవ్వుతున్నారా? నవ్వండి! మీ కారు ఇవాళ పొద్దున్న స్టార్టయినట్టుంది, అందుకే నవ్వగలుగుతున్నారు. కానీ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. ఆ కారెక్కి ఆఫీసుకి పోతుంటే దారిలో మిమ్మల్ని ఎవరైనా పలకరించారా? "అయ్యో, ఏమైందండీ?" అని ఒక్క మనిషైనా ఆగాడా? ముక్కూమొహం తెలియనివాడు వెనక నిలబడి, భుజం ఆనించి, మీకోసం చెమటోడ్చాడా? లేదు! ఎందుకంటే మీది ఫ్యూయల్ ఇంజెక్షన్ కారు. దానికి మనుషులతో పని లేదు.

అదే మా బావ కారు చూడండి. అది బయల్దేరిందంటే వీధి వీధంతా కదులుతుంది. కారొక్కటే కాస్త ఆలస్యంగా కదులుతుంది. కనుక ఇంజెక్షన్ కార్లు ఉన్నవాళ్లంతా వెంటనే వాటిని పీకించి కార్బురేటర్లు పెట్టించుకోవాలని నా మనవి. ఎలా పెట్టించుకోవాలో, దానివల్ల ఏమేం లాభాలో మా ఇంటి అనుభవంతో వివరిస్తాను.

మా బావ లిఫ్ట్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి ఈమధ్యే రిటైరయ్యాడు. ఎంత పెద్ద బిల్డింగయినా కానివ్వండి, ఆయన వచ్చి, తాళ్లు లాగి చూసి, బ్రేకులు పట్టి చూసి, సంతకం పెట్టేదాకా అందులో లిఫ్ట్ కదలడానికి వీల్లేదు. కోట్లు తొడుక్కున్న మేనేజర్లు మెట్లెక్కి రొప్పుతూ, "సార్ వచ్చారా? సార్ ఎక్కడున్నారు? సార్‌కి టీ ఇచ్చారా?" అని ఆయన కోసం వెతుక్కునేవాళ్లు. ఇప్పుడు ఆయన సంతకం కొరియర్ వాడికి తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఆ పార్సిళ్లు కూడా ఎక్కువగా మా అక్క పేరు మీదే వస్తాయి.

అక్క ఫిజియోథెరపిస్ట్. ఇళ్లకే వెళ్లి పేషెంట్ల చేత మోకాళ్లు వంచిస్తుంది, పట్టేసిన భుజాలు లేపిస్తుంది, మంచం దిగనన్నవాళ్లని బుజ్జగించి నడిపిస్తుంది. పొద్దున్నే బ్యాగు, బెల్టులు, రబ్బరు బంతులు కార్లో పడేసి, తాళం తిప్పి, "వెళ్లొస్తానండీ" అనేది. ఆ మాట పూర్తయ్యేసరికి కారు వీధి మలుపు తిరిగిపోయేది. బావ బాల్కనీలో పేపరు పట్టుకుని, ఆ మలుపు వైపే చూస్తూ ఉండిపోయేవాడు. ఇదంతా నాకెలా తెలుసంటే, వాళ్ల పైన ఫ్లాట్‌లోనే నేనుండేది.

అంటే ఆ కారుకి ఎంత పెద్ద జబ్బుందో మీకు అర్థమయ్యే ఉంటుంది. ఎవరు తాళం తిప్పినా స్టార్టయ్యేది! అక్క తిప్పినా ఒకటే, నేను తిప్పినా ఒకటే, కారు కడిగే మనిషి తిప్పినా ఒకటే. మనిషి విలువ తెలియని బండి అది. అలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్లు ఎలా నిద్రపోయారో!

ఒకరోజు డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ లైటు వెలిగింది. దాంతోపాటే బావ మొహం కూడా వెలిగింది. ఆయనే స్వయంగా కారుని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాడు. అక్కడ టై కట్టుకున్న ఒకాయన ల్యాప్‌టాప్ వైరు గుచ్చి చూసి, "సెన్సర్ కనెక్షన్ లూజయింది సార్, బిగించేస్తాం" అన్నాడు. బావ చొక్కా చేతులు మడుచుకుని ముందుకు నడిచాడు. "కస్టమర్లు ఈ పసుపు గీత దాటకూడదు సార్, అక్కడ సోఫాలో కూర్చోండి" అన్నాడు టై ఆయన, ఎంతో మర్యాదగా.

చూశారా ఘోరం! ఉద్యోగమంతా జనాన్ని గీతకి అవతల నిలబెట్టిన మనిషి. ఆయన్ని సోఫాలో కూర్చోబెట్టి బిస్కెట్లు పెట్టారు. ఆ అవమానాన్ని బిస్కెట్లతో సహా దిగమింగుకుని ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా హాల్లో నిలబడి ప్రకటించాడు.

"ఈ కారుకి కార్బురేటర్ పెట్టిస్తున్నా."

అక్క తువ్వాళ్లు మడతపెడుతోంది. "ఇప్పుడు దానికేమైందండీ? బాగానే నడుస్తోందిగా?"

"నడుస్తోంది. ఎలా నడుస్తోందో నీకు తెలుసా? నాకు తెలుసా? ఆ కంప్యూటర్‌కి తెలుసు. రేపది మొండికేస్తే?"

"వేస్తే అప్పుడు చూద్దాం లెండి."

"ఏం చూస్తావ్? కంప్యూటర్‌లో చూడ్డానికేముంటుంది? అదే కార్బురేటర్ అనుకో, మూత తీస్తే పెట్రోల్ కళ్లకి కనబడుతుంది!"

అక్క నా వైపు చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను. మొగుడూపెళ్లాల మధ్య తలదూర్చకూడదనేది నా సిద్ధాంతం, అందులోనూ మధ్యలో పెట్రోల్ ఉన్నప్పుడు.

"మీ ఇష్టం. కానీ పొద్దున్నకల్లా నాకు కారుండాలి" అంది అక్క. "పోస్ట్‌మాస్టర్‌గారి చెయ్యి ఇప్పుడిప్పుడే దారికొస్తోంది."

ఈ పోస్ట్‌మాస్టర్‌గారి గురించి చెప్పాలి. రిటైరైన పెద్దాయన. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. వేళ్లు గుప్పెటలా ముడుచుకుపోయి, ఎవరు విప్పినా మళ్లీ ముడుచుకుపోయేవి. పెద్ద పెద్ద డాక్టర్లే పెదవి విరిచారు. అక్క మాత్రం రోజూ పొద్దున్నే వెళ్లి ఒక్కొక్క వేలే సాగదీసి, బతిమాలి, కసిరి, చివరికి ఆ చేత్తో రబ్బరు బంతి పట్టించింది. బంతి కాసేపే నిలిచింది, కింద పడింది. ఆ రోజు అక్క ఇంటికొచ్చి మాకిద్దరికీ పూసగుచ్చినట్టు ఆ బంతి పడిన విధం వర్ణించి, ఆనందం పట్టలేక ఏడ్చింది. ఇక రోజూ మానకుండా చేయిస్తే ఆయన తన అన్నం తను తినగలడు. మానితే మాత్రం ఆ వేళ్లు మళ్లీ మొదటికే వస్తాయి.

"ఆదివారానికల్లా నీ కారు నీకిచ్చేస్తా" అన్నాడు బావ. ఏ ఆదివారమో చెప్పలేదు.

ఇక్కడ కొంచెం సైన్స్ తప్పదు. భయపడకండి, నాకు తెలిసిందే తక్కువ. ఇంజెక్షన్ కార్లో ఒక పంపు ట్యాంకులోనే కూర్చుని పెట్రోల్‌ని మహా ఒత్తిడితో ముందుకి తోస్తుంటుంది. కంప్యూటర్ లెక్క చూసుకుని దాన్ని సన్నటి ముక్కుల్లోంచి ఇంజన్‌లోకి చిమ్ముతుంది. కార్బురేటర్‌కి ఇంత హడావుడి అక్కర్లేదు. అందులో చిన్న గిన్నె ఉంటుంది. గిన్నెలో ఒక బుడ్డి తేలుతుంటుంది, బాత్రూములో ఫ్లష్ ట్యాంకులో తేలే బంతిలాగా. గిన్నె నిండితే బుడ్డి పైకి లేచి పెట్రోల్ దారి మూసేస్తుంది. కాబట్టి దానికి నెమ్మదిగా తోసే చిన్న పంపు కావాలి. ప్రెషర్‌ని హద్దులో ఉంచే రెగ్యులేటర్ కావాలి. మిగిలిపోయిన పెట్రోల్ తిరిగి ట్యాంకులోకి పోవడానికి వేరే పైపు ఉండాలి. ఈ సంగతులన్నీ కార్బురేటర్ వచ్చిన అట్టపెట్టె మీద బొమ్మలతో సహా అచ్చేసి ఉన్నాయి. బావ ఆ పెట్టె మీద కూర్చుని పని చేయించాడు.

పని చేసినాయన్ని మా వీధిలో అందరూ 'సరేసార్' అంటారు. కార్ల ఏసీలు బాగుచేస్తాడు. ఏం చెప్పినా "సరే సార్" అంటాడు కనుక ఆయనకి గిరాకీ ఎక్కువ. కార్బురేటర్ పెడతావా అంటే కూడా ఆ మాటే అన్నాడు.

"ట్యాంకులో ఆ పాత పంపుని అలాగే ఉండనివ్వు. గట్టి సరుకు" అన్నాడు బావ.

"సరే సార్."

"బావా, దీనికి అంత ప్రెషర్ అవసరమా?" అన్నాను నేను, టార్చి పట్టుకుని.

"ఒరేయ్, లిఫ్ట్‌లో నలుగురు ఎక్కుతారని నలుగురి బరువుకే తాడు వేస్తామా? పదింతలు మోసే తాడు వేస్తాం. దాన్నే సేఫ్టీ అంటారు. ప్రెషర్ అయినా అంతే, ఎక్కువ ఉంటేనే క్షేమం."

"సరే సార్" అన్నాడు మెకానిక్.

"ఇదిగో, వెనక్కి పోయే ఈ పైపెందుకు? ముందుకొచ్చిన పెట్రోల్ మళ్లీ వెనక్కెందుకు పోవాలి? పనీపాటా లేని ప్రయాణం! మూసెయ్."

"సరే సార్."

కంప్యూటర్‌ని మాత్రం ఉద్యోగంలోంచి పూర్తిగా తీసేయలేదు. బావ దయగల మనిషి. స్పార్క్ ఇచ్చుకునే పని ఒక్కటీ దానికి వదిలేసి మిగతా అధికారాలన్నీ లాగేసుకున్నాడు. అది ఊరుకుంటుందా? ఇంజన్ బొమ్మ లైటు మళ్లీ వెలిగించింది. ఈసారి ఆరనే ఆరలేదు. బావ అక్క బ్యాగులోంచి బ్యాండేజ్ ముక్క తీసి దాని మీద అతికించాడు. లైటు సమస్య శాశ్వతంగా పరిష్కారమైంది.

స్టార్ట్ చేసే రోజు అపార్ట్‌మెంట్ జనమంతా కింద పార్కింగ్‌లో గుమిగూడారు. బావ సుద్దముక్క తీసుకుని నేల మీద ఒక గీత గీశాడు. "ఎవరూ ఈ గీత దాటకూడదు!" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కంఠంలో పాత గాంభీర్యం చూడాలి! నిప్పు ఆర్పే సిలిండర్ పక్కన పెట్టుకుని, నన్ను కార్లో కూర్చోబెట్టి, తాళం తిప్పమన్నాడు.

తిప్పాను. ట్యాంకులో పంపు గుర్రుమంది. గిన్నెలో ఆ చిట్టి బుడ్డి తన శక్తికొద్దీ దారి మూసింది. కానీ అవతల తోస్తున్నది పదింతల క్షేమం! బుడ్డి చేతులెత్తేసింది. కార్బురేటర్ నోట్లోంచి పెట్రోల్ పార్కు ఫౌంటెన్‌లాగా పైకి లేచింది. బానెట్ మీద పడింది, అద్దం మీద పడింది, కిటికీలోంచి తల బయటపెట్టిన నా మీద, నా కొత్త చొక్కా మీద పడింది.

"తాళం తీసెయ్! పరిగెత్తకండి! లిఫ్ట్ వాడకండి! అందరూ మెట్ల మీద నుంచే!" అని అరిచాడు బావ. పాపం, అలవాటైన మాటలు. అందరూ ఆయన మాట విన్నారు. కింద పార్కింగ్‌లో, గేటుకి రెండడుగుల దూరంలో ఉన్నవాళ్లంతా క్రమశిక్షణగా మెట్లెక్కి టెర్రస్ మీదకి పోయారు. కొందరు చీకటి పడేదాకా దిగలేదు. దేవుడి దయవల్ల నిప్పురవ్వ పడలేదు గానీ, పడి ఉంటే ఈ వ్యాసం ఇంకెవరో రాసేవారు.

బావ మాత్రం బెదరలేదు. జేబురుమాలుతో నా మొహం తుడుస్తూ, "చూశావా? కళ్లకి కనబడిందా లేదా?" అన్నాడు.

తర్వాత అట్టపెట్టె మీద నుంచి లేచి, దాని మీద రాసింది చదివి, ట్యాంకు దింపించి పాత పంపు తీయించి, చిన్న పంపు పెట్టించాడు. రెగ్యులేటర్ తెప్పించాడు. దానికి బుల్లి మీటరు కూడా ఉంది. వెనక్కి పోయే పైపు మూత తీయించాడు. ఎట్టకేలకు కారు స్టార్టయింది. అపార్ట్‌మెంటంతా చప్పట్లు కొట్టింది. ఇంజెక్షన్ కారు స్టార్టయితే మీకెవరైనా చప్పట్లు కొట్టారా? గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి!

అప్పటి నుంచి లాభాలే లాభాలు. మొదటిది ఆరోగ్యం. మా అపార్ట్‌మెంట్లో జిమ్‌కి పోయేవాళ్లంతా మానేశారు, పొద్దున్నే కారు నెట్టడానికి దిగుతున్నారు. పొట్టలు తగ్గాయి. పైగా స్నేహాలు! ఎదురెదురు ఫ్లాట్లలో ఏళ్ల తరబడి మొహాలు చూసుకోని ఇద్దరు పెద్దమనుషులు ఒకే బంపర్‌కి భుజాలానించి, నెట్టీ నెట్టీ, పిల్లల సంబంధాల దాకా మాట్లాడుకున్నారు. ఇంకొకటి వాసన. ఇంట్లో, ఒంట్లో, దుప్పట్లో, కాఫీలో అంతటా పెట్రోల్ వాసనే కనుక దోమలు మా అంతస్తు వైపు రావడం మానేశాయి. దోమలేమిటి, చుట్టాలే రావడం మానేశారు.

అన్నిటికంటే గొప్ప లాభం సంసారానికి జరిగింది. కార్బురేటర్ కారుని స్టార్ట్ చేయడమంటే తాళం తిప్పడం కాదు, అదొక తపస్సు. గాలి తగ్గించే చోక్ మీట లాగాలి, పూర్తిగా లాగకూడదు. స్విచ్ వేసి, పంపు టకటకలాడే చప్పుడు నెమ్మదించేదాకా ఆగాలి. పెడల్ నొక్కాలి. ఎన్నిసార్లు నొక్కాలనేది ఆ రోజు ఎండని బట్టి, కారు మనసుని బట్టి ఉంటుంది. ఆ తర్వాత కాలు తీసేసి, ఊపిరి బిగబట్టి తిప్పాలి. అక్క నేర్చుకుందామని కూర్చుంది.

"ఇలాగేనా?"

"కాదు కాదు. నువ్వు తొక్కేశావ్. తొక్కకూడదు, అడగాలి."

"కారుని అడగడమేంటండీ? నాకు టైమైపోతోంది!"

"మెల్లిగా, నెమ్మదిగా అడగాలి. అదొక విద్య. చెప్తే వచ్చేది కాదు. నువ్వు జరుగు."

అలా రోజూ పొద్దున్నే పార్కింగ్‌లోంచి అక్క గొంతు వినబడేది: "ఏవండీ! ఒకసారి రండి!" ఆ పిలుపు కోసం బావ అప్పటికే స్నానం చేసి, తల దువ్వుకుని, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని తలుపు వెనకాలే నిలబడి ఉండేవాడు. పిలిచాక కాసేపాగి, పనిలో ఉన్నవాడిలాగా "ఆ, ఆ, వస్తున్నా!" అంటూ దిగేవాడు. చెప్పండి, ఏ ఇంజెక్షన్ కారు మీ ఆవిడ చేత రోజూ అంత ప్రేమగా మిమ్మల్ని పిలిపించింది?

స్టార్టయినంత మాత్రాన సరిపోదు, సిగ్నల్ దగ్గర ఆగిపోతే? అందుకని బావ కూడా ఆమెతో వెళ్లడం మొదలుపెట్టాడు. ఒళ్లో స్క్రూడ్రైవర్, కాళ్ల దగ్గర నీళ్ల సీసా, భుజం మీద తడిగుడ్డ. తడిగుడ్డ ఎందుకంటే, పెట్రోల్ పైపు సైలెన్సర్ పక్కనుంచే వేశారు. ఎండ ముదిరితే పైపులోనే పెట్రోల్ మరిగి ఆవిరైపోతుంది, ఇంజన్‌కి అందదు. అప్పుడు దిగి పైపుకి తడిగుడ్డ చుట్టి, జ్వరం తగ్గేదాకా పక్కన కూర్చోవాలి. అక్క రోజూ మనుషులకి చేసే సేవే ఆయన కారుకి చేసేవాడు.

పేషెంట్ల ఇళ్లలో కూడా బావ ఊరికే కూర్చోలేదు. మోకాలు ఆపరేషనైన ఒకావిడ నాలుగో అంతస్తులో ఉంటుంది. ఆ బిల్డింగ్ లిఫ్ట్‌లో ఏదో చప్పుడు విన్నాడట, వెంటనే "ప్రమాదం, వాడరాదు" అని అట్ట మీద రాసి తలుపుకి వేలాడదీసి వచ్చాడు. పాపం, అప్పటికే కిందకి దిగి ఉన్న ఆవిడ నాలుగంతస్తులూ మెట్లెక్కాల్సొచ్చింది. అక్క నెలాఖరుకి చేయించాలనుకున్న వ్యాయామం బావ ఒక్క పూటలో చేయించేశాడు! పోస్ట్‌మాస్టర్‌గారి ఇంట్లోనైతే, పెద్దాయన వేళ్లు సాగదీస్తుంటే పక్కన కూర్చుని ఫ్లోట్ బుడ్డి పనిచేసే విధానం చెప్పాడు. వాళ్ల లిఫ్ట్ కూడా ఆపించాడు.

ఇన్ని లాభాల మధ్య చిన్న లోటేమిటంటే, అక్క ఏ ఇంటికీ టైముకి చేరలేకపోయేది. మొదట్లో అందరూ నవ్వి ఊరుకున్నారు. తర్వాత మొహం ముడిచారు. ఒక్కొక్కరే, ఇంకొకామె ఉంది, ఆమెకి స్కూటర్ ఉంది, పిలవగానే వస్తుంది అని ఫోన్లు చేయడం మొదలుపెట్టారు. "పోతే పోనీ, ఉన్నవాళ్లు చాలు" అనేది అక్క. కానీ పొద్దున్నే పోస్ట్‌మాస్టర్‌గారి దగ్గరికి బయల్దేరేటప్పుడు మాత్రం ఆమె కారు దిగి గేటు దాకా నడిచి, మళ్లీ వెనక్కి రావడం నేను పైనుంచి చూశాను.

ఒకరోజు ఫ్లైఓవర్ నడినెత్తిన కారు ఆగిపోయింది. ఎండ మండిపోతోంది. వెనక హారన్లు. బావ దిగి బానెట్ ఎత్తి, "రెండు నిమిషాలు! పైపు చల్లబడితే చాలు!" అన్నాడు. అక్క గడియారం చూసుకుంది. "మీ బ్యాగులో ఇంకో తువ్వాలుందా?" అని అడిగాడు బావ. కంగారులో పెళ్లాన్ని 'మీరు' అన్నాడు. అక్క తువ్వాలు తీసి ఆయన చేతిలో పెట్టింది. బ్యాగు భుజానికి తగిలించుకుని, ఆ ఎండలో ఫ్లైఓవర్ దిగి నడుచుకుంటూ వెళ్లిపోయింది. వెనక నుంచి బావ పిలుస్తూనే ఉన్నాడట. తిరిగి చూడలేదు.

ఆమె చేరేసరికి పోస్ట్‌మాస్టర్‌గారి కూతురు తలుపు దగ్గరే నిలబడి ఉంది. "ఏమీ అనుకోకండమ్మా. నాన్న రోజూ బంతి ఒళ్లో పెట్టుకుని మీకోసం కూర్చుంటున్నారు. చూసీ చూసీ విసిగిపోయి లోపలికి వెళ్లిపోతున్నారు. ఇవాళ వేళ్లు చూడండి, మళ్లీ మొదట్లోలాగా అయిపోయాయి. రేపట్నుంచి ఇంకెవర్నో మాట్లాడుకున్నాం" అంది.

దీన్ని కూడా కార్బురేటర్ లాభాల్లో ఎక్కడైనా ఇరికించాలని నేను చాలా ప్రయత్నించాను. కుదరలేదు.

ఆ సాయంత్రం నన్ను కిందకి పిలిచారు. భోజనాల బల్ల దగ్గర ముగ్గురం కూర్చున్నాం. అక్క అరవలేదు, అందుకే నాకు భయమేసింది.

"కారుని ముందు ఎలా ఉండేదో అలా చేయించండి" అంది.

"ఇప్పుడే కదా ట్యూనింగ్ కుదురుతోంది!" అన్నాడు బావ, చెంచాతో బల్ల మీద గీతలు గీస్తూ. "ఆ పైపుని కాస్త ఇటు జరిపి, ఇక్కడ ఒక రేకు అడ్డం పెట్టామనుకో, ఆవిరి సమస్యే..."

"ఏవండీ. మీకు నాతో రావాలనుంటే, వస్తానని చెప్పొచ్చు కదా?"

చెంచా ఆగిపోయింది.

"చెప్తే... నువ్వు వద్దంటే?"

"అంటే అంటాను. అంతే కదా!"

"అంతేనా?" అన్నాడు బావ. "నువ్వు పొద్దున్న పోతే సాయంత్రం దాకా ఈ ఇంట్లో నన్ను పిలిచేవాళ్లు లేరు. ఫోన్ మోగితే రాంగ్ నంబర్. 'ఏవండీ, ఒకసారి రండి' అని నువ్వు కిందనుంచి పిలుస్తుంటే, నా పాత ఉద్యోగం నాకొచ్చినట్టుండేది."

"నాకూ బాగానే ఉండేది, మీరు పక్కన కూర్చుంటే" అంది అక్క. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "కానీ ఆయన చెయ్యి పోయిందండీ. అంత కష్టపడి తెచ్చిన చెయ్యి."

బావ తల దించుకున్నాడు.

అదీ సంగతి! అయ్యా, అమ్మా, ఇప్పుడు నా అసలు ఫిర్యాదు వినండి. "నేనూ వస్తా." చిన్న పిల్లాడు కూడా అనగలిగే మాట. ఆ మాట నోట్లోంచి రాక, ఆ మహానుభావుడు ట్యాంకు దించాడు, పంపు మార్చాడు, పైపులు మూశాడు, పైపులు తెరిచాడు, కంప్యూటర్ అధికారాలు పీకాడు, అపార్ట్‌మెంట్ మొత్తాన్ని టెర్రస్ ఎక్కించాడు, నాకు పెట్రోల్‌తో స్నానం చేయించాడు. కారుని మెల్లిగా అడగాలని పెళ్లానికి పాఠం చెప్పిన మనిషి, పెళ్లాన్ని ఒక్క మాట అడగలేకపోయాడు! నా ఫిర్యాదు కార్బురేటర్ మీద కాదు. పాపం దానికి ఎంత ప్రెషర్ కావాలో, ఎంత దాటితే పొంగిపోతుందో అట్టపెట్టె మీద అచ్చేసి మరీ ఇస్తారు. మొగుళ్లని మాత్రం అట్టపెట్టె లేకుండా ఇస్తారు.

మర్నాడు పొద్దున్న బావ తనే పోస్ట్‌మాస్టర్‌గారింటికి ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ఫోన్ పట్టుకుని గొంతు సవరించుకుని, మళ్లీ సవరించుకుని అన్నాడు: "నేనండీ, ఫిజియోథెరపిస్ట్‌గారి భర్తని. ఆలస్యాలు ఆవిడ వల్ల కాదు, నా వల్ల. కారు బాగానే ఉండేది, నేనే పాడుచేశాను. ఆవిణ్ణి మళ్లీ రానివ్వండి. ప్లీజ్."

అవతల కూతురు లోపలికి వెళ్లి తండ్రిని అడిగొచ్చింది. "నాన్న సరేనన్నారండీ. ఆవిణ్ణి రమ్మన్నారు." మళ్లీ అంది, "మీరు మాత్రం పైకి రావద్దన్నారు. మా లిఫ్ట్ ఇంకా నడవడం లేదు."

సరేసార్ వచ్చి, కార్బురేటర్ పీకి, పాత ఇంజెక్షన్ ముక్కలన్నీ తిరిగి బిగించాడు. అన్నీ ఎక్కడివక్కడ అమర్చడానికి టై ఆయన దగ్గరికి కూడా పోవాల్సొచ్చింది. బావ వెళ్లాడు. చెప్పినచోట సోఫాలో కూర్చున్నాడు.

ఆ తర్వాతి పొద్దున్న అక్క బ్యాగు వెనక సీట్లో పడేసి, తాళం తిప్పింది. కారు స్టార్టయింది. బావ గేటు తీసి, చేతులు వెనక్కి కట్టుకుని పక్కకి జరిగి నిలబడ్డాడు. కారు కదల్లేదు.

"ఏమైంది?" అన్నాడు బావ, ఎంతో ఆశగా.

"ఏమీ కాలేదు. ఎక్కండి."

"ఆయన నన్ను పైకి రావద్దన్నారుగా?"

"కింద కార్లో కూర్చోండి."

"కార్లో కూర్చుని నేనేం చెయ్యాలి?"

"ఏమీ చెయ్యొద్దు" అంది అక్క. "మీకు దణ్ణం పెడతాను, ఏమీ చెయ్యొద్దు."

బావ అటూ ఇటూ చూశాడు. పైన బాల్కనీలో నేనున్నానని చూశాడు. అయినా సరే, వీధి వీధంతా వినబడేంత గట్టిగా, "నాకూ రావాలనే ఉంది" అన్నాడు.